మాల్టా వీరుని సిలువ మనకెందుకు?

 

ఈసారి కొంచెం గట్టిగా రాస్తున్నాను. కొందరికి నచ్చదు. అయినా చదవండి, కోపం వస్తే ఫోన్ చేయండి.

మన యౌవనస్థుల ఫోన్లలో ఒక బొమ్మ తిరుగుతోంది. తలకు ఇనుప టోపీ, చేతిలో పొడవాటి కత్తి, రొమ్ము మీద పెద్ద సిలువ గుర్తు. వెనక గుండె దడదడలాడించే సంగీతం. స్టేటస్‌లో అదే, డీపీలో అదే, బైకు మీద స్టిక్కరు కూడా అదే. అడిగితే "క్రీస్తు యోధుడు అయ్యగారూ" అంటున్నారు. ఎందుకు పెట్టుకుంటున్నారో నాకు అర్థమవుతుంది. మనం తక్కువమంది. ఎవరైనా ఒక మాట అంటే తల వంచుకుని ఇంటికి రావడం మన తాతల నాటి నుంచి ఉన్నదే. తల ఎత్తి కత్తి పట్టిన క్రైస్తవుడు ఒకడున్నాడంటే కుర్రవాడికి రక్తం పొంగుతుంది. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ బొమ్మలోని మనిషి ఎవరో, ఏం చేసి బతికాడో తెలుసుకోకుండా అతన్ని మన పూర్వికుడిగా ఇంట్లోకి తెచ్చుకోవద్దు అంటాను.

బొమ్మతో వాదించి లాభం లేదు గనుక ఒక నిజమైన మనిషిని చూద్దాం. దీనికి క్రూసేడుల కాలం దాకా వెళ్ళనక్కరలేదు. సిలువ గుర్తు వేసుకున్న నైటు ఒకడు 1782లో బంగాళాఖాతంలో మన తూర్పు తీరానికే వచ్చి యుద్ధం చేశాడు. పేరు పియేర్ ఆంద్రె ద సుఫ్రెన్. పుదుచ్చేరిలో ఆయన పేరుతో ఇప్పటికీ ఒక వీధి ఉంది. చెడ్డవాణ్ణి వెతికి తెచ్చి చూపిస్తున్నానని అనుకోకండి. ధైర్యంలో, ఓడల యుద్ధం తెలియడంలో ఆ కాలపు ఫ్రెంచి నౌకాదళానికి అతనికంటె మంచి నాయకుడు దొరకలేదు. నావికులు అతన్ని ప్రేమించారు. నైట్లలో మేలైనవాడే ఇలా ఉంటే మిగతావారి సంగతి మీరే ఊహించుకోండి, అందుకే ఇతన్ని ఎంచుకున్నాను.

సుఫ్రెన్ 1729 జూలై 17న దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ సీమలో పుట్టాడు. తండ్రి సెయింట్ ట్రోపే మార్క్విస్, అంటే పెద్ద జమీ ఉన్న ప్రభువు. ఇతను మూడో కొడుకు. ఆ కుటుంబాల్లో ఆస్తి పెద్దకొడుకుది. తరువాతి వాళ్ళకు సైన్యమో, నౌకాదళమో, గుడి ఉద్యోగమో చూసిపెట్టాలి. ఈ రెండూ ఒకేచోట దొరికే దారి మాల్టా నైట్ల సభ. అందుకే చిన్నతనంలోనే ఆ పిల్లవాణ్ణి ఆ సభలో చేర్పించారు. చేరాలంటే విశ్వాసం ఎంత ఉందని ఎవరూ అడగరు. తండ్రి వైపు, తల్లి వైపు తరతరాలుగా ప్రభువంశమేనని కాగితాలతో రుజువు చేయాలి. సామాన్యుడి కొడుకు ఎంత భక్తిపరుడైనా ఆ నైటు హోదాకు పనికిరాడు. అటువంటి ప్రశ్నను మన ఊళ్ళల్లో ఏమంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. బావి దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర మన పెద్దలను అడిగినది ఆ ప్రశ్నే. కత్తి పట్టిన ఆ బొమ్మను ఫోన్లో పెట్టుకున్న మన పిల్లవాణ్ణి, ఆ బొమ్మలోని దొర తన భోజనపు బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాడు.

ఆ సభ మొదట్లో ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. క్రూసేడుల వాళ్ళు 1099లో యెరూషలేమును పట్టుకోకముందే అక్కడ యాత్రికుల కోసం, రోగుల కోసం నడిచిన ఒక ఆసుపత్రి దానికి మూలం. బీదలైన రోగులను తమ ప్రభువుల్లా చూసుకోవాలన్నది వాళ్ళ నియమం. మంచి నియమం. తరువాత ఆ ఆసుపత్రి సేవకుల చేతికి కత్తి వచ్చింది. యెరూషలేము పోయింది, రోడ్సు దీవి పోయింది, 1530లో మాల్టా దీవి దొరికింది. అక్కడ కూడా వాలెట్టా పట్టణంలో గొప్ప ఆసుపత్రి కట్టారు, రోగులకు వెండి పళ్ళాల్లో భోజనం పెట్టారు. నైట్లు వంతులవారీగా రోగులకు వడ్డించాలి. ఇది నిజమే, దాచను. అయితే ఆసుపత్రిలో బాగా వడ్డించినందుకు ఏ నైటు పేరూ మనకు రాలేదు. వాళ్ళ పేర్లు మనదాకా వచ్చింది ఫిరంగుల వల్ల.

పూర్తి నైటు కావాలంటే మూడు మ్రొక్కుబడులు చేయాలి: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. అంటే చట్టం ప్రకారం వీళ్ళు సన్యాసులు. పైకి రావాలంటే సభవారి యుద్ధనావల్లో ఆరేసి నెలల చొప్పున నాలుగుసార్లు సముద్రం మీద తిరగాలి. దానికి "కారవాన్" అని పేరు. ఎవరి మీద తిరగాలి? ముస్లిం ఓడల మీద. ఉత్తర ఆఫ్రికా తీరపు సముద్రపు దొంగలు క్రైస్తవులను పట్టి బానిసలుగా అమ్ముతున్నారు గనుక వాళ్ళను ఆపడం దేవుని పని అన్నారు. దొంగలు అమ్మడం నిజమే. కానీ ఆ దేవుని పని చేసే నావను నడిపింది ఎవరు? గాలీలు అనే ఆ నావలకు తెరచాపలతో పాటు తెడ్లు ఉంటాయి. ఆ తెడ్లు లాగినవారిలో శిక్షపడ్డ నేరస్థులు ఉన్నారు, అప్పులు తీర్చలేక తమను తాము అమ్ముకున్నవారు ఉన్నారు, పట్టుబడ్డ ముస్లిం బానిసలు ఉన్నారు. సంకెళ్ళు వేసి బల్లకు కట్టేసేవారు. ఒడ్డున ఉన్నప్పుడు రాత్రిపూట బానిసలను పెట్టడానికి వాలెట్టాలో పెద్ద జైలు ఉండేది. వెండి పళ్ళాల ఆసుపత్రి, బానిసల జైలు ఒకే ఊళ్ళో, ఒకే సిలువ జెండా కింద నడిచాయి.

1749లో ఆ బానిసలు తిరగబడాలని కుట్ర చేశారు. పేతురు పౌలుల పండుగ రోజైన జూన్ 29న లేవాలని అనుకున్నారు. ముందే బయటపడింది. పదుల సంఖ్యలో బానిసలను చిత్రహింసలు పెట్టి చంపారు. సుఫ్రెన్ తన కారవాన్ల కోసం మాల్టా వెళ్ళింది ఆ కాలంలోనే, 1748 శాంతి ఒప్పందం తరువాత. ఇరవై ఏళ్ళ కుర్రవాడు. నిర్గమకాండము మొదటి అధ్యాయాలు చదివిన ఎవరైనా ఆ ఊళ్ళో దేవుని ప్రజలు ఎవరో, ఫరో ఎవరో ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. ఆ సభవారికి మాత్రం అది కనబడలేదు. కోటు మీది సిలువ అడ్డం వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ మ్రొక్కుబడి అతని జీవితంలో ఏం చేసింది?

మాల్టా సభ నియమం ప్రకారం క్రైస్తవుల మధ్య జరిగే యుద్ధాల్లో సభ తలదూర్చకూడదు. కత్తి ఉన్నది "అవిశ్వాసుల" కోసమే. సుఫ్రెన్ చరిత్ర చూడండి. 1743లో, పద్నాలుగేళ్ళకు, తూలోన్ రేవులో ఫ్రెంచి రాజు నౌకాదళంలో చేరాడు. ఏడాది తిరగకుండానే ఇంగ్లీషు వాళ్ళతో యుద్ధం. 1747లో మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళతో, ఈసారి పట్టుబడి ఇంగ్లండులో ఖైదీగా ఉన్నాడు. 1756లో మినోర్కా దగ్గర ఇంగ్లీషు వాళ్ళతో. 1759లో పోర్చుగల్ తీరాన లాగోస్ దగ్గర ఇంగ్లీషు వాళ్ళతో, మళ్ళీ ఖైదు. మధ్యలో 1765లో మొరాకో తీరం మీదికి ఒక దండయాత్ర, తరువాత కొన్నాళ్ళు మాల్టా గాలీల కొలువు. 1778 నుంచి అమెరికా వైపు, మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళతోనే. అతని కీర్తి అంతా, దాదాపు ప్రతి తునకా, బాప్తిస్మం పొందిన మనుషుల మీద ఫిరంగి పేల్చి సంపాదించినది. సభ అడ్డు చెప్పలేదు. రాజుల కొలువులో చేరే నైటుకు సభ సెలవు ఇచ్చేది, హోదా కూడా పెంచేది. మ్రొక్కుబడి దేవునికి, పని రాజుకు, ఆదాయం తనకు. నైట్లకు "కమాండరీ" అని భూములు రాసిచ్చేవారు. ఆ రైతుల కౌలులో కొంత భాగం సభ ఖజానాకు, మిగిలింది నైటుకు. పేదరికం అని దేవుని ముందు చెయ్యెత్తి ఒట్టు పెట్టినవాడికి పొలాల మీద రాబడి! ప్రసంగి అయిదో అధ్యాయం మ్రొక్కుబడి గురించి ఏమంటుందో ఇంట్లో తీసి చదవండి.

1781 చూద్దాం. ఆ ఏడాది ఈస్టర్ పండుగ ఏప్రిల్ 15న వచ్చింది. ఆ మర్నాడు, ఏప్రిల్ 16న, ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా ఉన్న పోర్టో ప్రాయా రేవులో ఇంగ్లీషు ఓడలు లంగరు వేసుకుని నీళ్ళు పట్టుకుంటున్నాయి. అది పోర్చుగల్ వారి రేవు. పోర్చుగల్ యుద్ధంలో లేదు. తటస్థుల రేవులో కొట్లాట చేయకూడదని దేశాల మధ్య కట్టుబాటు. సుఫ్రెన్ లోపలికి దూరి ఫిరంగులు పేల్చాడు. అతనికో న్యాయం ఉంది: 1759లో లాగోస్ దగ్గర ఇంగ్లీషు వాళ్ళు మమ్మల్ని పోర్చుగల్ నీళ్ళల్లోనే పట్టుకున్నారు కదా, నేను అక్కడే ఖైదయ్యాను కదా, అని. వాళ్ళు చేశారు గనుక మేమూ చేస్తాం. ఈ మాట నేను మన ఊరి పంచాయితీల్లో ఎన్నిసార్లు విన్నానో. పునరుత్థాన పండుగ మర్నాడు మఠపు మ్రొక్కుబడి ఉన్న మనిషి నోట కూడా ఇదే మాట. యుద్ధంగా చూస్తే అతను గెలిచినట్టే. ఆ దెబ్బకు ఇంగ్లీషు దండు ఆలస్యమైంది, డచ్చివాళ్ళ కేప్ పట్టణం వాళ్ళ చేతికి పోకుండా మిగిలింది. సేనాపతులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి. నేను అడిగేది రొమ్ము మీది గుర్తు గురించి.

అక్కడి నుంచి హిందూ మహాసముద్రం. 1782 ఫిబ్రవరి 17న, శ్రమకాలపు మొదటి ఆదివారం, మద్రాసుకు దక్షిణాన సద్రాస్ దగ్గర ఇంగ్లీషు అడ్మిరల్ ఎడ్వర్డ్ హ్యూస్‌తో మొదటి యుద్ధం. ఏప్రిల్ 12న సింహళ తీరాన ప్రోవిడియన్ దగ్గర. జూలై 6న నాగపట్నం దగ్గర. సెప్టెంబరు 3న త్రిన్‌కోమలీ బయట. 1783 జూన్ 20న కడలూరు దగ్గర. పదహారు నెలల్లో ఐదు యుద్ధాలు. చేతిలో సరైన రేవు లేకుండా, విరిగిన తెరచాప కొయ్యలను చిన్న ఓడల నుంచి పీకి పెద్ద ఓడలకు బిగించుకుంటూ అతను నెట్టుకొచ్చిన తీరు ఆశ్చర్యమే. ఒప్పుకుంటాను. అయితే ఈ ఐదు యుద్ధాల్లో ఒక్క యుద్ధనౌక కూడా మునగలేదు, ఎదుటివాడి చేతికి చిక్కనూ లేదు. అటు ఇటు మనుషులు మాత్రం చచ్చారు. ప్రోవిడియన్ ఒక్కచోటే రెండువైపులా కలిపి 270 మందికి పైగా. ఆ చచ్చినవాళ్ళలో ప్రభువంశపు కాగితాలు ఉన్నవాళ్ళు ఎందరుంటారు? జాలర్ల పిల్లలు, రైతుల పిల్లలు.

ఒడ్డున అతని మిత్రుడు మైసూరు హైదర్ అలీ. కడప, గుత్తి సీమలు అప్పటికే హైదర్ చేతిలో ఉన్నాయి గనుక మన తెలుగు నేల కూడా ఈ యుద్ధానికి దూరం కాదు. 1782 జూలైలో కడలూరు దగ్గర ఇద్దరూ కలిశారు, గొప్ప మర్యాదలు జరిగాయి. హైదర్‌తో స్నేహం తప్పని నేను అనడం లేదు. ముస్లిం పొరుగువారితో కలిసి బతకడం మనకు కొత్త కాదు, వాళ్ళ పెళ్ళిళ్ళకు మనం వెళ్తాం, మన క్రిస్మసుకు వాళ్ళు వస్తారు. కానీ ఇక్కడ చూడండి. ముస్లింలతో పోరాడతానని మ్రొక్కి కోటు మీద సిలువ కుట్టించుకున్న మనిషి, ముస్లిం నవాబుతో చెయ్యి కలిపి క్రైస్తవులను కొట్టాడు. అంటే ఆ మ్రొక్కుబడి ఎప్పుడూ దేవుని గురించినది కాదన్నమాట. ఆ బొమ్మ చూపించి "మతం కోసం నిలబడ్డ వీరులు" అని మన పిల్లలకు చెప్పేవారు, ఈ ఒక్క ఏడాది చరిత్ర చదివితే చాలు.

నా మనసును ఎక్కువ కలచింది ఖైదీల సంగతి. సుఫ్రెన్ చేతిలో వందల మంది ఇంగ్లీషు ఖైదీలు ఉన్నారు. పెట్టడానికి తిండి లేదు, మార్పిడికి ఇంగ్లీషు వాళ్ళు ఒప్పుకోలేదు. ఇది నిజమైన ఇబ్బందే. అతను వాళ్ళను తీసుకెళ్ళి హైదర్‌కు అప్పగించాడు. వాళ్ళలో హానిబల్ అనే ఓడలో 1782 జనవరిలో పట్టుబడ్డ జేమ్స్ స్కర్రీ అనే కుర్రవాడు ఉన్నాడు. పదేళ్ళ చెర తరువాత తప్పించుకున్నాడు. అతని కథ 1824లో పుస్తకంగా వచ్చింది. తమ పేరు, మతం, దేహం అన్నీ బలవంతంగా మార్చారని అందులో ఉంది. క్రైస్తవులు చెరలోకి పోకుండా కాపాడడం కోసమే మా కత్తి అని చెప్పుకున్న సభ అది. ఆ సభలో కమాండరుగా ఉన్నవాడు క్రైస్తవుల పిల్లలను తన చేతులతోనే చెరలోకి పంపాడు. వాళ్ళను వదిలేసి ఉండవచ్చు కదా? వదిలితే మళ్ళీ ఇంగ్లీషు ఓడలెక్కి తన మీదికే వస్తారు. సేనాపతిగా అతని లెక్క సరైనదే. క్రీస్తు శిష్యుడిగా ఆ లెక్క ఏమిటి? రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాయడం కుదరదు. మత్తయి ఆరో అధ్యాయంలో ఇద్దరు యజమానుల గురించి ప్రభువు చెప్పినది డబ్బు గురించే అని మనం అనుకుంటాం.

కడలూరు యుద్ధం ఇంకో బాధ. అది జరిగింది 1783 జూన్ 20న. ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య శాంతికి తొలి సంతకాలు వెర్సాయ్‌లో అదే ఏడాది జనవరి 20న పడ్డాయి. సరిగ్గా ఐదు నెలల ముందు. ఆ వార్త ఓడ మీద వచ్చి కడలూరు చేరేసరికి జూన్ 29. రెండువైపులా రెండు వందల మంది అప్పటికే సముద్రంలో ఉన్నారు. వార్త ఆలస్యం కావడం అతని తప్పు కాదు. ఇంటికి తిరిగి వెళ్తూ కేప్ పట్టణంలో ఆగినప్పుడు, మొన్నటిదాకా తనతో పోరాడిన ఇంగ్లీషు కెప్టెన్లు ఓడ మీదికి వచ్చి వందనం చేస్తే సుఫ్రెన్ పొంగిపోయాడు. దొరలూ దొరలూ ఒకటయ్యారు. ఫ్రాన్సులో రాజు అతని కోసమే కొత్తగా వైస్ అడ్మిరల్ పదవి ఒకటి సృష్టించాడు. మాల్టా సభ అతన్ని "బైయి" అనే పెద్ద హోదాకు ఎత్తింది, పారిస్‌లో తన రాయబారిగా పెట్టుకుంది. 1788 డిసెంబరు 8న పారిస్‌లో చనిపోయాడు. పదేళ్ళు గడవకముందే, 1798 జూన్‌లో, నెపోలియన్ మాల్టా ముందుకు వస్తే ఆ వీరుల సభ రెండు మూడు రోజుల్లో లొంగిపోయింది. బానిసలకు విడుదల చెప్పింది నెపోలియన్. పాస్టరుగా ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

ఇక మీ ప్రశ్నలు. "అయ్యగారూ, పౌలు కూడా సర్వాంగ కవచం అన్నాడు కదా" అని ఒకరు అంటారు. అన్నాడు, ఎఫెసీ ఆరో అధ్యాయంలో. అదే అధ్యాయంలో మన పోరాటం రక్తమాంసాలు గల మనుషులతో కాదని ముందే చెప్పి ఆ తరువాత కవచం సంగతి ఎత్తాడు. ఆ మాట రాసేటప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. కత్తి పట్టుకుని పక్కన నిలబడినవాడు రోమా సైనికుడు. అపొస్తలుడు కట్టేసి ఉన్నవాడి వైపు నుంచి రాశాడు, మనం కాపలావాడి వేషం వేసుకుంటున్నాం.

ఇంకొకరు, "అది రోమన్ కాథలిక్కుల సంగతి, మనం ప్రొటెస్టెంటులం, మనకేంటి" అంటారు. ఈ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ భయం. ఈ నైట్ల సభకు ప్రొటెస్టెంటు శాఖ కూడా ఉంది. జర్మనీలో బ్రాండెన్‌బుర్గ్ శాఖవారు సంస్కరణ కాలంలో లూథరన్లు అయ్యారు. పోపును వదిలారు కానీ వంశపు కాగితాలను వదలలేదు, భూములను వదలలేదు, కోటు మీది సిలువను వదలలేదు. సుఫ్రెన్ కాలంలో ఆ శాఖకు పెద్ద ప్రష్యా రాజకుటుంబానికి చెందిన ఒక సేనాపతి. వాళ్ళ కోట సొన్నెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణంలో ఉండేది. కాబట్టి ఈ రోగం మన ఇంట్లో కూడా ఉంది.

ఆ సొన్నెన్‌బుర్గ్‌లోనే, ఆ కోట ఉన్న ఊళ్ళోనే, 1726లో ఒక పిల్లవాడు పుట్టాడు. సుఫ్రెన్‌కు మూడేళ్ళు పెద్ద. తల్లి చిన్నప్పుడే చనిపోతూ వీణ్ణి దేవుని పనికి చదివించండని చెప్పి కన్నుమూసింది. చూడండి, ఇద్దరినీ పసితనంలోనే దేవుని పేరున రాసేశారు. ఈ పిల్లవాడి పేరు క్రిస్టియన్ ఫ్రెడ్రిక్ ష్వార్జ్. హాలే పట్టణంలో చదువుతుండగా తమిళం నేర్చుకునేలా చేసినది బెంజమిన్ షుల్ట్జ్ గారు. ఈ షుల్ట్జ్ గారు మద్రాసులో ఉన్నప్పుడు బైబిలును మన తెలుగులోకి తర్జుమా చేసినవారే, అది అచ్చుకు నోచుకోలేదు. ష్వార్జ్ గారు 1750లో తరంగంబాడిలో ఓడ దిగారు. మళ్ళీ ఐరోపా వెళ్ళలేదు. 1798 ఫిబ్రవరి 13న తంజావూరులో చనిపోయారు.

ఆయనను దేవదూతను చేయడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు దండుకు పాదిరిగా పనిచేశారు. 1779లో మద్రాసు ప్రభుత్వం అడిగితే కంపెనీ మాట మోసుకుని శ్రీరంగపట్నంలో హైదర్ దగ్గరికి వెళ్ళారు. శాంతి కోసమని ఆయన వెళ్ళారు, కంపెనీవాళ్ళ మనసులో ఏముందో దేవునికి తెలుసు. శాంతి రాలేదు. కానీ ఆ ప్రయాణంలో ఒక చిన్న విషయం ఉంది. దారి ఖర్చులకని హైదర్ మూడు వందల రూపాయల సంచి ఇచ్చాడు. ఆయన దాన్ని మద్రాసు ప్రభుత్వానికి అప్పగించబోతే వాళ్ళు వద్దన్నారు. తంజావూరులో అనాథ పిల్లల బడికి మొదటి చందాగా వేశారు. మరుసటి ఏడు హైదర్ దండు కర్ణాటకం మీద పడినప్పుడు, ఈ పాదిరిని ఎవరూ ముట్టుకోవద్దని, ఎక్కడికైనా పోనివ్వమని హైదర్ తన మనుషులకు ఆజ్ఞ ఇచ్చాడు. ఫిరంగులతో వచ్చిన సుఫ్రెన్‌కు హైదర్ ఇచ్చింది రాజమర్యాద. ఖాళీ చేతులతో వచ్చిన ఈయనకు ఇచ్చింది దారి.

యుద్ధం వచ్చింది, వెనకే కరువు వచ్చింది. ఊళ్ళు కాలిపోయాయి, చెరువు కట్టలు తెగిపోయాయి, దున్నేవాడు లేడు. జనం తంజావూరు కోటలోకి వచ్చి పడ్డారు. వీధుల్లో రోజూ శవాలు. ష్వార్జ్ గారు ధర తక్కువ ఉన్నప్పుడే బియ్యం కొని నిల్వ పెట్టారు, దాంతో కొంతకాలం జనానికి పెట్టారు. అది చాలదు. కోట బయట పల్లెల్లో ధాన్యం ఉంది, తేవడానికి ఎద్దులు కావాలి. రైతులు ఎద్దులు ఇవ్వలేదు. ఎందుకిస్తారు? ఇంతకుముందు రాజు మనుషులు, కంపెనీ మనుషులు ఎద్దులు తోలుకుపోయి కూలి ఎగ్గొట్టారు. రాజు మాట చెల్లలేదు, తుపాకులున్న కంపెనీ మాటా చెల్లలేదు. చివరికి రాజే అన్నాడట, మనందరి పరువూ పోయింది, ఆ పాదిరి మాట నమ్ముతారేమో చూద్దాం అని. రైతులతో ఏ ఒప్పందం చేసుకున్నా సరేనని ఆయన చేతికి అధికారం ఇచ్చారు.

ఆయన ఉపదేశులను, మరికొందరు క్రైస్తవులను పల్లెల్లోకి పంపారు. వాళ్ళ పేర్లు ఏ వీధికీ పెట్టలేదు. యుద్ధం జరుగుతున్న నేల మీద, దండులు తిరిగే దారుల్లో, ఆయుధం లేకుండా నడిచి వెళ్ళారు. కూలి మీకు ముడుతుంది, అయ్యగారు మాట ఇచ్చారు అని చెప్పారు. ఒకటి రెండు రోజుల్లో వెయ్యికి పైగా ఎద్దులు వచ్చాయి. 80,000 కలాల ధాన్యం కోటలోకి చేరింది. పని అయ్యాక ష్వార్జ్ గారు కూర్చుని, ఎవరికి రావలసిన కూలి వాళ్ళకు తన చేత్తోనే లెక్కపెట్టి ఇచ్చారు. పైన ఒక చిన్న కానుక కూడా పెట్టి, ఎద్దులతో వాళ్ళను ఇళ్ళకు పంపించారు.